గేమ్ బాయ్ సరంజామా: యంత్రంలో కలిసినవి, అటకెక్కినవి

చేతిలో పట్టుకు ఆడే వీడియో గేమ్ కొన్నవాళ్లకు ఆ వెంటనే ఇంకో సమస్య ఎదురవుతుంది. దీనికి తోడుగా ఏమేం కొనాలి? సంచీ, తెరకు అతికించే గాజు, మెమరీ కార్డు, పవర్ బ్యాంకు, స్టాండు, మీటల మీద తొడిగే రబ్బరు టోపీలు... యంత్రం ఒక్కటే, సరంజామా మాత్రం అంగడి నిండా. ఇది ఈనాటి సమస్య అనుకుంటాం గానీ 1989లో నింటెండో కంపెనీ గేమ్ బాయ్‌ను అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ ఉన్నదే. ముప్పై అయిదేళ్లకు పైబడిన ఆ చరిత్రను తిరగేస్తే, ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అని తేల్చడానికి ఒక గట్టి కొలత దొరుకుతుంది. నిజంగా పనికొచ్చిన ప్రతి వస్తువునూ తర్వాతి తరం యంత్రం తనలో కలుపుకుంది. కలుపుకోనివి చాలావరకు అటకెక్కాయి. అంటే యంత్రం తయారుచేసినవాడు ఏ లోటు మిగిల్చాడో ఆ లోటును తీర్చేదే సరంజామా, తక్కినదంతా అలంకారం. ఈ మాటకు ఎదురుచెప్పే ఉదాహరణలు కూడా ఉన్నాయి. వాటినీ చూద్దాం.

ముందు ఆ లోట్లు ఎక్కడివో తెలుసుకోవాలి. గేమ్ బాయ్ రూపకల్పన వెనుక ఉన్న పెద్ద పేరు గున్‌పెయ్ యొకొయ్. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆయనకు చేతి ఆటల ఆలోచన తట్టిందని చెబుతారు. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ ఆ ఆలోచన ఫలమే. పాతబడి, చవకబడి, గుట్టుమట్లన్నీ తెలిసిపోయిన సాంకేతికతను ఎవరూ ఊహించని చోట వాడాలన్నది ఆయన సూత్రం. గేమ్ బాయ్ అచ్చంగా దాని ప్రకారమే తయారైంది. రంగుల తెరలు అప్పటికే ఉన్నా ఆయన వద్దనుకున్నాడు. అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగే ఛాయలు, పచ్చి బఠాణీ రంగు తెర. దాని వెనుక దీపం లేదు. రీఛార్జి బ్యాటరీ లేదు, నాలుగు పెన్సిల్ సెల్లు వేసుకోవాలి. పట్టుకోవడానికి ఇటుకలా ఉంటుంది. ఇవన్నీ తెలిసి చేసుకున్న త్యాగాలు. వాటికి బదులుగా 90 డాలర్ల లోపు ధర దక్కింది, సెల్లు మార్చకుండా పదిహేను గంటలు అటూఇటుగా ఆడే వీలు దక్కింది. యొకొయ్ లెక్కలో ఈ బేరం లాభసాటిది. అయితే త్యాగం చేసినంత మాత్రాన అవసరం పోదు కదా. దీపం లేదన్న సంగతి రాత్రి బస్సులో కూర్చున్నవాడికి ప్రతి నిమిషం తెలుస్తూనే ఉంటుంది.

అందుకే మొదట పుట్టుకొచ్చిన సరంజామా అంతా వెలుగు చుట్టూ, కరెంటు చుట్టూ తిరిగింది. లైట్ బాయ్ అనే ఒక వస్తువు ఉండేది. భూతద్దం, దాని పక్కన చిన్న బల్బులు, వాటికి వేరే సెల్లు; మొత్తాన్ని తెర మీద టోపీలా బిగించాలి. బొమ్మ పెద్దదయ్యేది, చీకట్లో కనిపించేది, బరువూ పెరిగేది. తర్వాత గేమ్ బాయ్ కలర్ కాలానికి వార్మ్ లైట్ వచ్చింది. పేరుకు తగ్గట్టు వానపాములా మెలితిరిగే మెడ, దాని చివర ఒకే ఒక్క బుల్లి దీపం. యంత్రం పక్కన తీగ పెట్టే రంధ్రంలో గుచ్చితే అక్కడి కరెంటుతోనే వెలిగేది. వేరే సెల్లు అక్కర్లేదు. మెడ వంచి వెలుగు తెర మీద పడేలా సర్దుకోవాలి. ఎటు వంచినా తెరలో ఒక మూల తెల్లటి మెరుపు చుక్క కదలక కూర్చునేది, ఆ చుక్క కింద ఏముందో చూడటానికి మళ్లీ యంత్రాన్ని వంచాలి. ఇంత అసౌకర్యాన్ని భరించి కూడా జనం దాన్ని కొన్నారంటే లోటు ఎంత నిజమైనదో అర్థం చేసుకోవచ్చు. 1998లో జపాన్‌లో మాత్రమే అమ్మిన గేమ్ బాయ్ లైట్‌లో తెర వెనుక వెలుగు పెట్టారు. కానీ 2001లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో మళ్లీ దీపం లేదు. విసిగిపోయిన కొందరు ఆఫ్టర్‌బర్నర్ అనే కిట్ కొని, డొక్క విప్పి, లోపల టంకం పెట్టి మరీ వెలుగు తెచ్చుకున్నారు. కొత్త యంత్రాన్ని పాడుచేసుకుంటామేమోనన్న భయాన్ని కూడా పక్కన పెట్టించిన లోటు అది. చివరికి 2003 ఫిబ్రవరిలో వచ్చిన ఎస్పీ మోడల్ దీపాన్నీ, రీఛార్జి బ్యాటరీనీ ఒక్కసారే తనలో కలుపుకుంది. పుస్తకంలా మడతపడే డొక్క కాబట్టి తెరను కాపాడే కేసు పని కూడా అదే చేసింది. బజారులో విడివిడిగా అమ్ముడైన మూడు వస్తువుల అవసరం ఒక్క మోడల్‌తో తీరిపోయింది.

మరి లోటే లేకుండా యంత్రం చేసి ఉంటే సరిపోయేది కదా అనవచ్చు. అదీ చేసి చూశారు. 1989లోనే వచ్చిన అటారీ లింక్స్, 1990లో జపాన్‌లో మొదలైన సెగా గేమ్ గేర్ రెండింటికీ రంగుల తెరలు, తెర వెనుక వెలుగు ఉన్నాయి. రెండింటికీ ఆరేసి పెన్సిల్ సెల్లు కావాలి. గేమ్ గేర్‌లో ఆ ఆరు సెల్లు మూడు నుంచి అయిదు గంటల్లో అయిపోయేవి. లెక్క వేసి చూడండి. గేమ్ బాయ్‌కు నాలుగు సెల్లతో పదిహేను గంటలు. గేమ్ గేర్‌కు ఆరు సెల్లతో నాలుగు గంటలు. గంట ఆటకు అయ్యే సెల్ల ఖర్చు అయిదింతలు దాటుతుంది. వెలుగు లోటు తీర్చబోయి కరెంటు లోటు తెచ్చుకున్నారన్నమాట. దాంతో గేమ్ గేర్‌కు సరంజామా అంటే బరువైన రీఛార్జి ప్యాకులు, గోడకు గుచ్చే అడాప్టర్లు, కారులో పెట్టుకునే అడాప్టర్లు. గోడకు కట్టేసిన యంత్రం ఇక చేతి యంత్రమెలా అవుతుంది? గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైతే గేమ్ గేర్ కోటి దాటి కొద్దిదూరంలో ఆగిపోయింది. ఆటలు, ధర, ప్రచారం అన్నీ ఆ తేడాకు కారణాలే, ఒక్క బ్యాటరీ మీద నెట్టేయలేం. కానీ ఒక సంగతి స్పష్టం: చవకైన తోడుతో తీరే లోటు ఉంటే ఫర్వాలేదు, ఏ తోడుతోనూ తీరని లోటు ఉంటే ఆ యంత్రం నిలవదు.

ఇప్పటిదాకా చెప్పినవి కంటికీ సెల్లకూ సంబంధించినవి. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మాత్రం ఒక మామూలు తీగ. గేమ్ బాయ్ పక్కన చిన్న రంధ్రం ఉండేది. రెండు యంత్రాలను కలిపే తీగను అందులో పెట్టాలి. అమెరికాలో యంత్రం పెట్టెలోనే ఈ తీగ, టెట్రిస్ ఆట కూడా పెట్టి ఇచ్చారు. తీగ కలిపితే ఇద్దరు ఎదురెదురుగా టెట్రిస్ ఆడవచ్చు. ఒకడు వరుసలు చెరిపితే రెండోవాడి బావిలో కింద నుంచి వరుసలు పైకి లేస్తాయి. తొంభైల్లో మన ఊళ్లలో గేమ్ బాయ్ కన్నా ఎక్కువగా కనిపించింది ఫ్యాన్సీ షాపుల్లో, ఎగ్జిబిషన్లలో దొరికే బ్రిక్ గేమ్. దానికి అలాంటి రంధ్రం లేదు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే వంతులు వేసుకోవడమే, ఒకరు ఆడుతుంటే ముగ్గురు భుజం మీంచి తొంగిచూడటమే. ఒక రంధ్రం, ఒక తీగ ఆటను ఒంటరి కాలక్షేపం నుంచి ఇద్దరి పోటీగా మార్చాయి. అయినా కొన్నేళ్లపాటు ఆ తీగ సొరుగుల్లోనే పడి ఉంది, దాన్ని వాడే ఆటలు తక్కువ. దానికి ప్రాణం పోసినవాడు సతోషి తజిరి. చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకున్న అలవాటు ఆయనది. ఆ తీగ వెంట పురుగులు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రంలోకి పాకుతూ పోవడం ఆయన ఊహలో మెదిలింది. 1996 ఫిబ్రవరిలో పోకెమాన్ ఆట ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా వచ్చింది. ఒక రకంలో దొరికే కొన్ని జీవులు రెండో రకంలో దొరకవు. కొన్ని జీవులు తీగ మీదుగా చేతులు మారితేనే పెరిగి తుది రూపు దాల్చుతాయి. ఎంత నేర్పున్నా ఒక్కడే కూర్చుని అన్నీ సేకరించలేడు. రెండో రకం ఉన్న నేస్తం కావాలి, మధ్యలో తీగ కావాలి. సరంజామా ఆటకు తోడు కావడం కాదు, ఆట నియమాల్లోనే భాగమైపోయింది. ఆ తర్వాత కథ ఊహించదగ్గదే. 2004లో తీగ స్థానంలో చిన్న వైర్‌లెస్ అడాప్టర్ వచ్చింది, పోకెమాన్ కొత్త కూర్పులతో కలిపి అదే పెట్టెలో ఇచ్చారు. అదే ఏడాది చివర్లో వచ్చిన నింటెండో డీఎస్ అడాప్టర్‌ను కూడా లోపలికి తీసుకుంది. డీఎస్‌లో తీగ మళ్లీ కనపడలేదు, దాని పని మాత్రం ఆగలేదు.

ఇక అటకెక్కిన వాటి జాబితా పొడుగు. హ్యాండీ బాయ్ అని ఒకటుండేది. రెండు పక్కలా స్పీకర్లు, తెర మీద దీపం ఉన్న భూతద్దం, మీటల మీద బొటనవేలి కర్ర, అన్నీ కలిపి గేమ్ బాయ్‌కు తొడగాలి. తొడిగాక జేబులో పట్టదు, సంచిలో కూడా కష్టమే. అందులో దీపం మంచిదే, స్పీకర్లు మంచివే. మొత్తంగా మాత్రం అది యంత్రానికి ఉన్న ఒకే ఒక్క గొప్పతనాన్ని, వెంట తీసుకెళ్లగలగడాన్ని, దూరం చేసింది. బార్‌కోడ్ చదివే పరికరం వచ్చింది. దాన్ని వాడే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వర్క్‌బాయ్ అనే కీబోర్డుతో గేమ్ బాయ్‌ను చిరునామాల పుస్తకంగా, డైరీగా మార్చాలనుకున్నారు, అది దుకాణం దాకా రానేలేదు. చేపలు ఎక్కడున్నాయో చూపే సోనార్‌ను జపాన్‌లో 1998లో అమ్మారు. 2000 ప్రాంతంలో ఒక కుట్టుమిషనే వచ్చింది; ఏ కుట్టు కావాలో గేమ్ బాయ్ తెర మీద ఎంచుకుంటే మిషన్ ఆ కుట్టు వేసేది. ఇక్కడ సంబంధం తిరగబడింది, గేమ్ బాయే కుట్టుమిషన్‌కు సరంజామా అయింది. ఇవన్నీ తెలివైన ఆలోచనలు, తయారుచేసినవాళ్ల నేర్పును తీసిపారేయలేం. కానీ ఆడుకునేవాడికి చేపల లోటు ఎన్నడూ లేదు. గేమ్ గేర్‌కు అమ్మిన టీవీ ట్యూనర్ గతి ఇంకోలా ముగిసింది. దాన్ని తగిలిస్తే చేతిలోనే టీవీ చూడవచ్చు, ఆ రోజుల్లో అబ్బురమే. కానీ అది గాలిలో వచ్చే అనలాగ్ సిగ్నల్ మీద ఆధారపడింది. అమెరికాలో 2009లో ఆ సిగ్నళ్లు ఆగిపోయాక ట్యూనర్ చెడకుండానే పనికిరానిదైంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి రావాలి. గేమ్ బాయ్ కెమెరా సంగతేమిటి? 1998లో వచ్చిన ఆ కెమెరా తీసే ఫొటో 128 అడ్డం, 112 నిలువు చుక్కలు, నాలుగు బూడిద ఛాయలు, మొత్తం 30 ఫొటోలు పడతాయి. వాటిని ముద్రించే చిన్న ప్రింటర్ ఉండేది. నగదు రసీదులాంటి వేడికి నల్లబడే కాగితపు చుట్ట, వెనుక జిగురు, దానికే వేరుగా ఆరు పెన్సిల్ సెల్లు. ఫొటో లేదని గేమ్ బాయ్ కొన్న ఏ పిల్లవాడూ ఏడవలేదు. లోటు తీర్చేదే పనికొచ్చేది అన్న నా కొలత ప్రకారం కెమెరా అటకెక్కాలి. ఎక్కలేదు. పిల్లలు దాన్ని ప్రేమించారు. 2000లో వచ్చిన నీల్ యంగ్ ఆల్బమ్ సిల్వర్ అండ్ గోల్డ్ ముఖచిత్రం ఈ కెమెరాతో తీసిన ఫొటోనే. కెమెరా వచ్చిన పదేళ్ల తర్వాత, 2008లో, నింటెండో డీఎస్ఐ రెండు కెమెరాలతో వచ్చింది. దీన్నిబట్టి నా కొలతను కొంచెం సవరించుకోవాలి. పుట్టినప్పుడు లోటుగా లేనిది, వాడటం మొదలయ్యాక లోటుగా మారవచ్చు. అలా మారిందనడానికి సాక్ష్యం మళ్లీ అదే, తర్వాతి యంత్రం దాన్ని కలుపుకోవడం. ప్రింటర్‌ను మాత్రం ఏ యంత్రమూ కలుపుకోలేదు. కాగితం చుట్ట అయిపోయాక అది ఖాళీ డబ్బాయే. ఒకే పెట్టెలో అమ్మదగ్గ జంటలో ఒకటి నిలిచి ఇంకొకటి పోయిందంటే, కొలత పూర్తిగా తప్పు కాదనే నా నమ్మకం.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా సూటైనది. తర్వాతి యంత్రం ఏది కలుపుకుంటుందో 1990లో దుకాణంలో నిలబడ్డ తండ్రికి ఎలా తెలుస్తుంది? చరిత్ర తెలిశాక ఎవరైనా చెబుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ లోటును చూడటానికి భవిష్యత్తు తెలియాల్సిన పనిలేదు, ఆడుతున్నవాణ్ణి చూస్తే చాలు. గేమ్ బాయ్ పట్టుకున్న పిల్లవాడు వెలుగు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంటాడు, కారులో వీధి దీపం దాటిన ప్రతిసారీ తెరను ఎత్తి పట్టుకుంటాడు. ఆ ఒంటి కదలికే లోటుకు ఆనవాలు. నింటెండో 3డీఎస్ కాలంలోనూ ఇదే జరిగింది. దానికి ఎడమ పక్కనే కదిపే మీట ఉంది, కుడివైపు లేదు. మాన్‌స్టర్ హంటర్ లాంటి ఆటల్లో చూపును తిప్పడానికి ఎడమ చేతి చూపుడువేలిని పంజాలా వంచి మీటలు నొక్కే అలవాటు ఆటగాళ్లకు సోనీ చేతి యంత్రం పీఎస్పీ రోజుల నుంచే ఉంది. 2011 డిసెంబరులో ఆ ఆట కొత్త కూర్పుతో పాటు జపాన్‌లో సర్కిల్ ప్యాడ్ ప్రో వచ్చింది. యంత్రాన్ని అందులో కూర్చోబెడితే కుడివైపు మీట దొరుకుతుంది. యంత్రం లావైపోతుంది, లోపల మరో సన్న సెల్లు వేయాలి. అందుకే చాలామంది దాన్ని ఇంట్లోనే ఉంచేశారు. 2014లో వచ్చిన కొత్త 3డీఎస్‌లో ఆ మీట చిన్న బొడిపెగా మారి యంత్రంలోనే చేరింది. వేలు వంకర పోవడాన్ని చూసినవాడికి ఈ సంగతి మూడేళ్ల ముందే తెలిసేది.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టే అభ్యంతరం చివరిది. లోటును కావాలనే మిగిల్చి, దాన్ని తీర్చే వస్తువును వేరే అమ్మితే? అదీ జరిగింది. దీపాన్నీ బ్యాటరీనీ కలుపుకున్న ఆ మంచి ఎస్పీ మోడలే హెడ్‌ఫోన్ రంధ్రాన్ని తీసేసింది; మామూలు హెడ్‌ఫోన్ పెట్టాలంటే వేరే అడాప్టర్ కొనాలి. 2012లో అమెరికాకు చేరిన సోనీ పీఎస్ వీటా ధర 250 డాలర్లయితే, దానికి మాత్రమే పట్టే 32 జీబీ మెమరీ కార్డు దాదాపు 100 డాలర్లు. ఆ కార్డు ఇంకే ఫోనులోనూ, కెమెరాలోనూ పనికిరాదు. కొత్త 3డీఎస్ పెట్టెలో చార్జరే పెట్టలేదు. పాత మోడల్ చార్జర్ దీనికీ పనిచేస్తుంది, ఇంట్లో ఉన్నవాడు రెండోసారి ఎందుకు కొనాలి అన్నది కంపెనీ వైపు వాదన. అందులో కొంత న్యాయం ఉంది. అయినా మొదటిసారి కొన్నవాడికి చార్జర్ లేని యంత్రం సగం యంత్రమే. ఇలాంటి వస్తువులు పనికొచ్చేవా అంటే పనికొస్తాయి, కొనక తప్పదు. కానీ వాటిని సరంజామా ఖర్చులో కాక యంత్రం ధరలోనే వేసి చూడాలి. వీటాను 250 డాలర్ల యంత్రం అనుకుని కొన్నవాడు నిజానికి 350 డాలర్ల యంత్రం కొన్నాడు. తర్వాతి వీటా మోడల్‌లో ఒక జీబీ నిల్వ లోపలే పెట్టారు. చాలా తక్కువే, కానీ లోటును ఒప్పుకోవడమే అది.

నింటెండో స్విచ్ 2017లో వచ్చాక ఈ కథ వేగం పుంజుకుంది. దాని వెనుక కాలిబద్ద సన్నగా ఒక మూలకు ఉండేది, రైలు బల్ల మీద పెడితే కుదుపుకే ఒరిగిపోయేది. అందుకని స్టాండ్లు కొన్నారు. 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్‌లో వీపు పొడవునా వెడల్పాటి కాలు పెట్టారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ స్విచ్‌కు కలిసేది కాదు, అందుకని చిన్న అడాప్టర్లు కొన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఆ సౌకర్యం ఉచితంగా వచ్చేసింది, అంతకు ముందు వారం అడాప్టర్ కొన్నవాడి డబ్బు వృథా. టీవీకి కలిపే డాకు విషయంలో మాత్రం చవక బేరం ప్రమాదమైంది. 2018లో ఒక అప్‌డేట్ తర్వాత బయటి కంపెనీల డాకులు కొన్ని యంత్రాన్నే పాడుచేశాయని కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారు. యూఎస్‌బీ-సి మూతి ఒకేలా కనిపించినంత మాత్రాన లోపల కరెంటు లెక్క ఒకటి కాదు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం ఒక మంచి పని చేసింది: మోసుకెళ్లే గట్టి కేసును యంత్రం పెట్టెలోనే పెట్టి ఇచ్చింది. అంత పెద్ద తెర ఉన్నదాన్ని సంచిలో వేసుకు తిరుగుతారని తయారుచేసినవాళ్లకు తెలుసు.

ఈ లెక్కన ఇవాళ కొనేవాళ్లు మొదటి రోజే డబ్బు పెట్టాల్సినవి రెండే అని నా అభిప్రాయం: పెట్టెలో రాకపోతే ఒక కేసు, ఆటలు పట్టకపోతే ఒక మెమరీ కార్డు. తక్కినవాటికి రెండు వారాలు ఆగి, ఆడేటప్పుడు చెయ్యి ఎక్కడ నొప్పెడుతోందో, మెడ ఎటు వంగుతోందో చూసి కొనండి. కార్డు కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కు పాత మైక్రో ఎస్డీ కార్డులు ఆటల నిల్వకు పనికిరావు, మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి. చూడటానికి రెండూ ఒకే సైజు, కార్డు మీద అచ్చువేసిన గుర్తులోనే తేడా.